సాలు నిలవని పొలం

"ఏ ట్రాక్టరండీ మీది?" అని తారక్ ఇంగ్లీషులో అడిగాడు.

ఫోన్ అవతల, ఓక్‌విల్ నుంచి మాట్లాడుతున్న అమ్మాయి కాసేపు ఆలోచించింది. సొంత ట్రాక్టర్ పేరు చెప్పడానికి ఎవరూ అంతసేపు ఆలోచించరు.

"పాతది," అంది చివరికి. "జపాన్ ఇంజన్. మూడు సిలిండర్లు. దానికి ఫ్యాన్ బెల్టు కావాలి."

కెనడాలోని సస్కటూన్ ఊరి చివర వ్యవసాయ యంత్రాల షాపులో పార్టుల కౌంటర్ అది. తారక్ యూనివర్సిటీలో మాస్టర్స్ చదువుతూ తీరిక పూటల్లో అక్కడ పని చేస్తున్నాడు. మార్చి వచ్చినా బయట మంచు కదలనని మొండికేసి కూర్చుంది. నల్గొండ జిల్లాలో నాయన ట్రాక్టర్ మడ్‌గార్డ్ మీద కూర్చుని పెరిగినవాడు కాబట్టి, ఎదుటివాడు ట్రాక్టర్ గురించి మాట్లాడుతున్నాడో, ట్రాక్టర్ పేరు పెట్టి మరింకేదో మాట్లాడుతున్నాడో వాడికి రెండు ముక్కల్లో తెలిసిపోతుంది.

"ఏ పనికి వాడతారు?"

"వ్యవసాయానికే."

"ఏ పంట?"

అక్కడ జారింది ఆ పిల్ల కాలు. గోధుమ అన్నా, మొక్కజొన్న అన్నా, సోయా అన్నా కథ అక్కడితో సరిపోయేది.

"వరి," అంది.

"ఓక్‌విల్‌లో వరా?"

అవతల ఒక్కసారిగా, ఎవరో దూరంగా ఉన్నవాళ్ళకి చెబుతున్నట్టు, గట్టి తెలుగులో వినిపించింది: "డాడీ! వీడు పార్టులమ్మేవాడా, పోలీసోడా? ప్రాణం తీస్తున్నాడు!"

"ఆఁ?" అంది ఒక పెద్ద గొంతు.

"పోలీసు డాడీ, పోలీసు!"

తారక్‌కి నవ్వు ఆగలేదు. "పోలీసును కానండీ, పార్టులు అమ్మెటోణ్నే. అడ్రస్ చెప్పున్రి, బెల్టు పంపిస్త."

టక్కున ఫోన్ కట్టయింది. కాసేపటికి అడ్రస్ మెసేజ్‌గా వచ్చింది. కింద పేరు, అబిగేల్. దాని కింద ఒక్క మాట, సారీ.

*

బెల్టు వెళ్ళింది. వెనకే ఫోనూ వచ్చింది. ఈసారి నేరుగా తెలుగులోనే.

"బెల్టు పొడుగైపోయిందండీ."

"ఎట్లయితది? ఆ ఇంజన్‌కు అదే సైజు. ఫ్యాన్ మీదుగ తిప్పిన్రా?"

"మాదానికి ఫ్యాన్ లేదు."

"ఫ్యాన్ లేకుంటే రేడియేటర్ ఎట్ల చల్లారుతది?"

"రేడియేటరూ లేదు."

తారక్ పెన్ను కింద పెట్టాడు. "ఇంజన్ మీద నంబర్ ఫొటో తీసి పంపున్రి."

ఫొటో వచ్చింది. చిన్న గుండ్రటి అద్దం, బఠాణీ గింజ కంటే కాస్త పెద్దది, పొడుగాటి పుల్లకి అతికించి ఉంది. అందులో నంబర్ తిరగేసి కనబడుతోంది. తారక్ ఫోన్ పట్టుకుని వాష్‌రూమ్‌కి పోయి, అక్కడి అద్దంలో చూసి మరీ చదవాల్సొచ్చింది.

"ఇదేందండీ, ట్రాక్టర్ పండ్లు చూస్తున్నరా?"

"నేను డెంటల్ హైజీనిస్ట్‌ని, పళ్ళు శుభ్రం చేస్తా. ఇంజన్ వెనకకి నా తల పట్టదు. ఈ అద్దం పడుతుంది."

ఆ సాయంత్రం వాడికి అన్నం సయించలేదు. రూమ్మేట్ దీక్షిత్ విసుక్కున్నాడు. "కందకు లేని దురద కత్తిపీటకెందుకురా? పార్టు అడిగిన్రు, ఇచ్చినవ్. అయిపాయె!"

"ఫ్యాన్ లేదు, రేడియేటర్ లేదు, ఓక్‌విల్‌ల వరి పండిస్తున్నరు. నీకు నిద్రెట్ల పడతదిరా?"

"ఆ పిల్ల గొంతు బాగుందా?"

తారక్ ముఖం అటు తిప్పుకున్నాడు. దీక్షిత్ దుప్పటి కప్పుకున్నాడు. "అట్ల చెప్పు. దురద ఇంజన్‌ది కాదన్నట్టు!"

మర్నాడు పొట్టి బెల్టు కోసం అబిగేల్ ఫోన్ చేసినప్పుడు తారక్ ఇక ఉండబట్టలేక అడిగేశాడు. "అది ఏందో చెప్పున్రి. ఎవరికీ చెప్ప."

"చెబితే పార్టులివ్వరు."

"ఇస్తనన్న గద!"

"ఇంతకుముందు ఇద్దరు ఇలాగే అన్నారండీ. చెప్పగానే ఫోన్ పెట్టేశారు."

"పోనీ ఒక పని చేద్దాం. మీరు ఫోన్ చేసినప్పుడల్లా నేను ఒక్క ప్రశ్న అడుగుత. మీరు అబద్ధం ఆడొద్దు."

ఆమె నవ్వింది. "ఒక్కటంటే ఒక్కటే."

"దానికి చక్రాలున్నయా?"

"లేవు. బై!"

ఆ తర్వాత ఫిల్టర్ కోసం ఫోన్ వచ్చింది. తారక్ దాని పేరడిగాడు. ఆమె నోరు తెరిచేలోగా, ప్రశ్నతో పని లేకుండా పెద్ద గొంతు అందుకుంది: "జ్ఞానసుందరి! జ్ఞానసుందరి పొద్దున్నే తెల్ల పొగ వదులుతోంది బాబూ! సెల్ఫ్ కొడితే లేస్తుంది, కాసేపు కొట్టుకుంటుంది, ఆగిపోతుంది!"

వాళ్ళ ఊళ్ళో ట్రాక్టర్లకి కూతుళ్ళ పేర్లు రాసుకునేవాళ్ళున్నారు కాబట్టి తారక్‌కి అందులో వింతేమీ తోచలేదు. ఆ మీదట ప్రతి ఫోన్లోనూ "జ్ఞానసుందరి ఎట్లున్నది?" అని అడగడం వాడికి అలవాటైపోయింది.

ఇంకోసారి, "అది దున్నుతదా?" అని అడిగాడు.

అబిగేల్ చాలాసేపు ఆలోచించింది. "దున్నుతుంది. కానీ సాలు నిలబడదు."

దున్నిన సాలు నిలబడని నేల ఏముంటుంది? ఇసుకా? మంచా? మంచులోనైనా కాసేపు గుర్తుంటుందే! తారక్ క్లాసులో కూర్చుని అదే ఆలోచన, బస్సులో అదే ఆలోచన. ఆదివారం పూట వంట వంతు తనదైతే, గిన్నెలో బియ్యం కడుగుతూ ఊరికే వేలితో ఒక గీత గీశాడు. వేలి వెనకే నీళ్ళు వచ్చి గీత మూసేశాయి.

తడి చేత్తోనే ఫోన్ తీశాడు.

"పడవ!"

"ఎవరు చెప్పారు?"

"బియ్యం చెప్పినయ్."

"చూశారా మరి! వరి అంటే నమ్మలేదు. నేనేమీ పూర్తి అబద్ధం చెప్పలేదు, నీళ్ళు నిండుగా ఉంటాయి కదా అని అలా అన్నా," అంది అబిగేల్. తర్వాత గొంతు తగ్గించింది. "ఇప్పుడు పార్టులు ఆపేస్తారా?"

"ఇంజన్‌కు తను ఏడ కూర్చున్నదో ఏం తెలుసండీ? పడవల ఉన్నా, ట్రాక్టర్ల ఉన్నా తాగేది డీజిలే గద!"

అప్పుడు చెప్పింది అబిగేల్ సంగతంతా. వాళ్ళ నాన్న పీటర్‌ది కాకినాడ. ఓడల ఇంజన్ రూముల్లో పని చేసి చేసి చెవులు సగం అక్కడే వదిలేసి వచ్చాడు. ఆ తర్వాత ఓక్‌విల్‌లో కార్ల ఫ్యాక్టరీలో చేరాడు. కొన్నేళ్ళ క్రితం, ఊరి పక్క లేక్‌లో తిరిగే ఒక ముసలి తెరచాప పడవ అమ్మకానికొస్తే, భార్యతో మాట మాత్రం చెప్పకుండా కొనేశాడు. ఆవిడ కోపం తగ్గుతుందేమోనని దానికి ఆవిడ పేరే పెట్టాడు.

"మంచిగుంది గద?"

"ఏం మంచి! గాలి పడిపోయినప్పుడు, హార్బర్‌లోకి వచ్చేటప్పుడు ఇంజన్ కావాలి. సరిగ్గా అప్పుడే అది ఆగిపోతుంది. రేడియోలో అందరికీ వినబడేలా 'జ్ఞానసుందరి నడి లేక్‌లో ఆగిపోయింది, లాక్కురండి' అంటారు. చర్చిలో ఆంటీలంతా మమ్మీని, ఒంట్లో ఎలా ఉందమ్మా అని అడుగుతారు."

కొత్త ఫ్రిజ్ వచ్చినా కళ్ళు మూసుకుని ప్రార్థన చేసే వాళ్ళ మమ్మీ, ఆ పడవకి ఇంతవరకు ఒక్క ప్రార్థన చేయలేదట. అందులో కాలూ పెట్టలేదట. పడవ సామాన్ల షాపువాళ్ళు ఆ ఇంజన్‌కి పార్టులు రావడం ఎప్పుడో మానేశాయన్నారు. రంగు కింద అది ట్రాక్టర్ ఇంజనేనని పీటర్ కనిపెట్టాడు గానీ, ట్రాక్టర్ షాపులవాళ్ళు పడవ మాట వినగానే మాకొద్దన్నారు. ఇక ఈ వసంతమే ఆఖరు. పడవలు నీళ్ళలోకి దింపే రోజున ఇంజన్ ఆగకుండా నడవకపోతే తుక్కుకి వేసేయాలని జ్ఞానసుందరి షరతు. తుక్కువాడితో ఆవిడ ముందే మాట్లాడి పెట్టింది కూడా.

"పోతే పోనీ అనుకోరాదా?" అన్నాడు తారక్.

"మా డాడీ ఇంట్లో మాట్లాడరండీ. చెవులు వినపడవు కదా, మాట్లాడటమే మానేశారు. ఆ పడవలో ఇంజన్ విప్పుతూ మాత్రం ఎన్ని చెబుతారో! వాళ్ళమ్మ గురించి, కాకినాడ గురించి, మా మమ్మీని మొదటిసారి ఎక్కడ చూశారో... మా డాడీ ఎలాంటివారో నాకు తెలిసిందంతా ఆ ఇంజన్ పక్కనే. అది పోతే ఆయన మళ్ళీ మూగైపోతారు."

తారక్ ఆ రోజు ప్రశ్న అడగడం మర్చిపోయాడు.

*

ఆ ఇంజన్ డీజిల్ పంపు ఇప్పుడెవరూ తయారు చేయడం లేదు. ఒక ముసలి రైతు షెడ్డు వెనక అదే ఇంజనున్న చిన్న ట్రాక్టర్ మంచులో కూరుకుపోయి ఉందని తెలిసి, తారక్ పార పట్టుకుని పోయాడు. మధ్యాహ్నమంతా తవ్వి పంపు విప్పాడు. వేళ్ళు కొంకర్లు పోయాయి. ఫొటో పంపితే ఆమె దగ్గర్నించి పంపు గురించి కాదు, "గ్లవ్స్ ఏవి?" అని వచ్చింది. మరునాటికి మాటల్లోంచి 'అండీ' రాలిపోయింది. ముందు ఎవరు వదిలేశారో ఇద్దరిలో ఎవరూ ఒప్పుకోరు.

పంపు వేశారు. ఫిల్టర్లు మార్చారు. రాగి వాషర్లు మార్చారు. జ్ఞానసుందరి మళ్ళీ లేచింది, కొట్టుకుంది, ఆగిపోయింది.

"డీజిల్‌ల గాలి పడుతున్నది. ఏడనో సందున్నది," అన్నాడు తారక్.

"ఎక్కడ? అన్నీ బిగించాం. శనివారమే పడవ దింపేది."

తారక్ గొంతు సవరించుకున్నాడు. "నాకు మార్కమ్‌ల ఇంటర్వ్యూ ఉన్నది. దారిల వచ్చి చూసిపోత."

ఎయిర్‌పోర్ట్ నుంచి ఓక్‌విల్ ఒక దిక్కు, మార్కమ్ ఇంకో దిక్కు. మ్యాపు చూసిన ఎవరికైనా ఆ సంగతి తెలుస్తుంది. ఆమె మ్యాపు చూడలేదో, చూసీ ఊరుకుందో!

*

శనివారం హార్బర్ దగ్గర సన్నగా వాన. గొడుగు కింద, చేతిలో క్యారియర్‌తో ఒకావిడ నిలబడి ఉంది. తారక్ బ్యాగు భుజాన వేసుకుని దిక్కులు చూస్తుంటే పిలిచింది.

"ఎవరబ్బాయ్ నువ్వు?"

"తారక్ అండి. సస్కటూన్."

"ఓహో, పార్టుల అబ్బాయివా. నేను జ్ఞానసుందరిని."

"మీరా!" అన్నాడు తారక్ సంతోషంగా. "పొగ తగ్గిందా?"

నోట్లోంచి మాట జారాక వెనక్కి తీసుకోవడానికి పార్టులేవీ దొరకవు. తారక్ చెవులు ఎర్రబడ్డాయి.

ఆవిడ వాణ్ని ఆపాదమస్తకం చూసింది. "నువ్వే నయం బాబూ. పోయిన ఏడాది ఒకావిడ, నిన్ను తాడు కట్టి లాక్కొచ్చారటగా అంది. ఇంటర్వ్యూ ఎప్పుడు?"

"రేపండి."

"రేపా," అని ఊరుకుంది ఆవిడ.

పడవని అప్పటికే క్రేను ఎత్తి, రెండు వెడల్పాటి పట్టీల మధ్య నీళ్ళలోకి దింపింది. పట్టీలు మాత్రం ఇంకా విప్పలేదు. తన పని తాను చేసుకోలేని పడవకి ఈ హార్బర్‌లో చోటివ్వరు. ఇంకో రెండు పడవల పని చూసి వస్తా, అప్పటికీ నడవకపోతే మళ్ళీ పైకి ఎత్తేస్తానన్నాడు క్రేనాయన.

తారక్ లోపలికి దిగాడు. మెట్ల కింద ఇంజన్. దాని పక్కన మోకాళ్ళ మీద అబిగేల్. ఇన్నాళ్ళూ ఆమె ముఖాన్ని ఫొటోల్లోని ఆ పళ్ళ అద్దంలో ముక్కలు ముక్కలుగా చూశాడు, ఒకసారి కన్ను, ఇంకోసారి చెంప, ఒకసారి నవ్వులో సగం. ఇప్పుడన్నీ ఒకేచోట కనబడేసరికి ఆఖరి మెట్టు మీదే నిలబడిపోయాడు.

"స్పానర్ తెచ్చావా, చూడ్డానికే వచ్చావా?" అంది.

"రెండూ," అన్నాడు. వంగారు. ఇద్దరి తలలూ ఠంగుమన్నాయి.

పీటర్ సెల్ఫ్ కొట్టాడు. ఇంజన్ డుగుడుగుమని లేచింది. ఆయన చెవితో కాదు, అరచేత్తో వింటాడు. ఇంజన్ మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి ఆ ముఖం వాడిపోయింది. ఆ తర్వాతే ఇంజన్ ఆగింది.

గాలి తీశారు. మళ్ళీ కొట్టారు. మళ్ళీ ఆగింది. గట్టు మీద జ్ఞానసుందరి గొడుగు కదలకుండా ఉంది.

అబిగేల్ నీరసంగా కూలబడి, పక్కనున్న ఐస్ కాఫీ అందుకుంది.

"ఈ సలిల ఐస్ కాఫీనా?"

"కెనడాలో ఇంతే. నీకూ వస్తుంది ఈ జబ్బు." స్ట్రా నోట్లో పెట్టుకుని పీల్చింది. గుర్రుమని చప్పుడొచ్చింది. "ఛీ, ఈ కాగితం స్ట్రాలు! ఇంకా సగం కప్పు ఉంది, గాలే వస్తోంది..."

మాట మధ్యలో ఆగిపోయింది. నానిన స్ట్రా నడుము దగ్గర చీలింది. చీలిక కాఫీకి పైన ఉంది. ఆమె స్ట్రా వైపు చూసింది, తారక్ ఆమె వైపు చూశాడు, ఇద్దరూ కలిసి ట్యాంకు వైపు చూశారు.

"కప్పు నిండుగ ఉన్నప్పుడు మంచిగనే వచ్చిందా?"

"వచ్చింది!" ఆమె లేచి నిలబడింది. "డాడీ! ట్యాంకులో డీజిల్ ఎంతుంది?"

"ఆఁ?"

"డీజిల్! ఎంత?"

"సగం!"

"పోయిన ఏడాది మొదట్లో ఆగకుండా నడిచింది కదా, అప్పుడు?"

"అప్పుడు నిండా పోయించా!" అన్నాడు పీటర్. అని, తన మాట తనే విన్నట్టు నోరు తెరిచి ఉండిపోయాడు.

ట్యాంకులోకి దిగే రాగి గొట్టాన్ని విప్పి పైకి లాగారు. అబిగేల్ పళ్ళ అద్దం పెట్టి, సూదిమొన గోకుడుపుల్లతో చుట్టూ తడిమింది. సగం పైన ఒకచోట పుల్ల తట్టుకుంది. వెంట్రుకంత చీలిక.

"క్యావిటీ," అంది. "నడుము దగ్గర."

పీటర్ ఉత్సాహంగా లేచాడు. "ట్యాంకు నిండా పోసేద్దాం! ఈ పూటకి నడుస్తుంది, మీ అమ్మ ఊరుకుంటుంది!"

తారక్ కూడా అదే అనబోతున్నాడు. అబిగేల్ అడ్డంగా తలూపింది. "పుచ్చుపన్ను మీద లవంగం పెట్టి పంపిస్తే పేషెంట్ మళ్ళీ రాడా డాడీ? నడి లేక్‌లో సగమయ్యాక మళ్ళీ రేడియోలో మమ్మీ పేరే వస్తుంది."

తారక్ బ్యాగులో, ఎందుకైనా పనికొస్తుందని తెచ్చిన రబ్బరు డీజిల్ గొట్టం ముక్క ఉంది. చీలిక పైదాకా రాగి గొట్టాన్ని కోసేసి, కింద ఆ రబ్బరు గొట్టాన్ని తొడిగి క్లిప్పులు బిగించారు. అతను పట్టుకుంటే ఆమె బిగించింది. ఆమె పట్టుకున్నప్పుడు అతను అవసరం లేకపోయినా ఇంకోసారి బిగించాడు. గాలి తీసే నట్టు వదులు చేస్తే ముందు నురగ, తర్వాత బుడగలు, ఆఖరికి బుడగ లేని డీజిల్ వచ్చింది.

సెల్ఫ్ కొట్టారు. ఇంజన్ లేచింది. పీటర్ అరచెయ్యి వేశాడు. వాన ఆగింది. క్రేనాయన వచ్చి, చెవి ఒగ్గి విని, పట్టీలు విప్పుకుని పోయాడు. ఇంజన్ మాత్రం ఆగలేదు. పీటర్ కళ్ళు తుడుచుకుంటూ, ఎవరూ అడక్కుండానే, కాకినాడలో తాను విప్పిన మొదటి ఇంజన్ కథ మొదలెట్టాడు.

"ఇన్ని పార్టులమ్మిన," అన్నాడు తారక్ నెమ్మదిగా. "పోయింది మా షాపుల లేని గొట్టం."

"ముందే తెలిసుంటే ఒక్క ఫోన్‌తో అయిపోయేది," అంది అబిగేల్.

"తెలవకపోవుడే మంచిగైంది."

ఆమె ఏదో అనబోయింది. పడవ ఒక పక్కకి ఒరిగింది. చూస్తే జ్ఞానసుందరి గొడుగు మూసి, క్యారియర్‌తో సహా లోపలికి అడుగు పెట్టింది.

"నా పేరు పెట్టుకున్నది బయలుదేరుతుంటే, ప్రార్థన లేకుండా కదలడానికి వీల్లేదు," అంది. "అందరూ కళ్ళు మూసుకోండి. ఏవండీ, మీరు కూడా!"

పీటర్ చేయి గేరు మీద ఉంచి కళ్ళు మూసుకున్నాడు. ఆవిడ మొదలెట్టింది.

"ప్రేమగల తండ్రీ, నీకు స్తోత్రాలు. పాడైపోయిన ఈ యంత్రాన్ని లేపావు. ఇకమీదట నా పేరు రేడియోలో రానివ్వకు. ఇంట్లో ఉప్పు కావాలా అన్నా పలకని మా ఆయన, ఇక్కడ ఇంత మాట్లాడుతున్నాడని నాకు తెలియదు తండ్రీ. ఇన్నాళ్ళూ గట్టు మీదే ఉండిపోయాను, క్షమించు..."

ఆవిడ చేతిలోని క్యారియర్‌ని సర్దుకుంది.

"అలాగే దూరం నుంచి వచ్చిన ఈ బిడ్డని నీ చేతికి అప్పగిస్తున్నాను. రేపు ఇంటర్వ్యూ ఉందని చెప్పాడు. ఆదివారం పూట ఏ కంపెనీ పిలుస్తుంది తండ్రీ? ఆ అబద్ధాన్ని క్షమించు. మా పిల్ల వరి పండిస్తున్నానని చెప్పిన అబద్ధాన్నీ క్షమించు. ఇద్దరూ ఒక తాను ముక్కలే..."

తారక్ ఒక కన్ను తెరిచాడు. అటుపక్క అబిగేల్ కన్ను కూడా ఒకటి తెరిచే ఉంది.

"రేపు ఇంటర్వ్యూ లేదా?" అని గుసగుసలాడింది.

"మొన్ననే అయింది. ఆన్‌లైన్‌ల. జాబ్ వచ్చింది."

"మరెందుకొచ్చావు?"

"ఇయ్యాల్టి ప్రశ్న నాది. ఇంకా అడగలే."

"అడుగు."

"ఇంజన్ మంచిగైంది." తారక్ ఆమె చెయ్యి అందుకున్నాడు. "ఇగ పార్టులు అక్కర లేకున్నా ఫోన్ చేస్తవా? ఈ నెలా, వచ్చే నెలా కాదు... ఎప్పటికీ?"

ఆమె రెండు కళ్ళూ తెరిచింది.

"ఆమేన్!" అంది. గుసగుసలో చెప్పాల్సిన మాట, అలవాటు కొద్దీ డాడీకి చెప్పినట్టే గట్టిగా వచ్చేసింది.

అంత పెద్ద ప్రార్థనలో పీటర్‌కి వినబడింది ఆ ఒక్క మాటే. వెంటనే గేరు వేసేశాడు. పడవ ఒక్క ఊపు ఊగి ముందుకు దూకింది. జ్ఞానసుందరి తూలి తారక్ భుజం గట్టిగా పట్టుకుంది.

"ఏవండీ! నాదింకా అవలేదండీ!"

"ఆఁ?" అన్నాడు పీటర్, ముఖమంతా నవ్వుతూ.

ఆవిడ కూతురి ముఖం చూసింది. తను పట్టుకున్న భుజం చూసింది. ఆ భుజం కింద, ఆ పిల్లవాడి చేతిలో ఉన్న తన కూతురి చెయ్యి చూసింది. నిట్టూర్చింది.

"సరే," అంది. "ఆమేన్."

వెనక నీళ్ళలో పొడుగ్గా సాలు పడుతోంది, పడినట్టే పడి మూసుకుపోతోంది. జ్ఞానసుందరి కాళ్ళు సర్దుకుని కూర్చుని, క్యారియర్ మూత తీసి, మొదటి పులిహోర ప్లేటు తారక్ చేతిలో పెట్టింది.

"తిను బాబూ," అంది. "ఓక్‌విల్ వరి."